హోంవర్క్ క్లబ్బులో నా ముగ్గుల క్లాసు

ముందే చెప్తున్నాను, ప్రిన్సిపాల్ గారి ప్యాంటులోకి చీమలు ఎక్కాయంటే అందులో నా తప్పు సగమే. మిగతా సగం... సరే, అదీ నాదే. నవ్వకండి! కప్పు చేత్తో పట్టుకుని నవ్వితే టీ కార్పెట్ మీద పడుతుంది. ముందు తాగండి, మొత్తం చెప్తాను.

మొన్న గురువారం జరిగింది. మూడు రోజులైనా తలుచుకుంటే చెవులు వేడెక్కిపోతున్నాయి. మా ఆయనకి ఆ రాత్రే చెప్పాను. ఆయన ఓదారుస్తారనుకుంటే, మంచం అంచు పట్టుకుని పది నిమిషాలు నవ్వి, "మళ్లీ మొదట్నుంచి చెప్పు" అన్నారు.

మా అమ్మాయి లలిత స్కూల్లో హోంవర్క్ క్లబ్ ఉంది కదా. సుశీల వదినకి తెలియదు, కొత్తగా వచ్చారు కాబట్టి చెప్తాను. స్కూలు రెండూ ముప్పావుకి వదిలేస్తారు వదినా. అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకి పోతే పిల్లలు ఎక్కడికి పోవాలి? ఇంటి తాళం చెవి దారానికి కట్టి మెడలో వేసుకుని, వాళ్లంతట వాళ్లే తలుపు తీసుకుని, టీవీ పెట్టుకుని కూర్చుంటారు. ఎనిమిదేళ్ల పిల్లలు! ఈ చాండ్లర్ ఊళ్లో చిప్ ఫ్యాక్టరీలు వచ్చాక అలాంటి పిల్లలు మరీ ఎక్కువయ్యారు. అది చూసి మిసెస్ గ్రీర్ అనే ఆవిడ ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి, "నాకు జీతం వద్దు, మీ కెఫెటీరియా ఇవ్వండి చాలు" అందట. ముప్పై ఏళ్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. హాయిగా ఇంట్లో కూర్చుని గులాబీ మొక్కలకి నీళ్లు పోసుకోవచ్చు. ఉహూ! రోజూ ఆరింటిదాకా ముప్పైమంది పిల్లలతో ఉంటుంది.

ఆవిడని మీరు చూడాలి. పొట్టిగా ఉంటుంది. కాళ్లకి తెల్ల టెన్నిస్ బూట్లు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు. ఆవిడ స్టేషన్ వాగన్ కారు వెనక తలుపు తీస్తే అదో ప్రపంచం! లైబ్రరీ వాళ్లు తీసిపారేసిన పుస్తకాలు, అయస్కాంతాలు, గవ్వలు, పిల్లలు విప్పదీసి చూడ్డానికి పాత గడియారాలు. మొదట పాలూ, బిస్కట్లూ. తర్వాత ముప్పావుగంట హోంవర్క్. అది అయిపోయిందా, ఇక రోజుకో సరదా. ఒకరోజు బంకమట్టి, ఒకరోజు చెస్, ఒకరోజు నక్షత్రాల గురించి.

హోంవర్క్ దగ్గర ఆవిడకి ఒక్కటే రూల్. ఆన్సర్ చెప్పకూడదు. ట్రేసీ అని మా లలిత ఫ్రెండు ఒకర్తి ఉంది. దానికి ఫ్రాక్షన్స్ అంటే ఏడుపు. వాళ్లమ్మ ఫ్యాక్టరీలో షిఫ్ట్ దిగి బస్సెక్కి, ఫ్యాక్టరీ నీలం పైకోటు కూడా విప్పకుండా ఆరింటికి ఐదు నిమిషాల ముందు పరిగెత్తుకొస్తుంది. ట్రేసీ పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటే మిసెస్ గ్రీర్ దాని పక్కన చిన్నపిల్లల స్టూల్ మీద కూర్చుని అడుగుతుంది. "ఇందులో నీకు ముందే తెలిసిందేమిటి?" ఇరవై నిమిషాలైనా సరే, అలాగే కూర్చుంటుంది! నేను మంగళవారం, గురువారం వెళ్లి హెల్ప్ చేస్తున్నాను కదా, నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. త్రీ బై ఫోర్ అని చెప్పేస్తే అయిపోతుంది కదా తల్లీ! ఒకసారి నోరు తెరిచాను కూడా. ఆవిడ తల తిప్పకుండానే, "మిసెస్ రావ్, ఆ పెన్సిళ్లు కాస్త చెక్కి పెడతారా?" అంది. పెన్సిళ్లన్నీ చెక్కి ఉన్నాయి. నాకు అర్థమైంది.

ఆ తర్వాత ట్రేసీ తనంతట తనే ఆన్సర్ పట్టుకుంది చూడండి, దాని మొహం! బర్త్‌డే కేకు చూసినట్టు వెలిగిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు ఒక రకమైన భక్తి.

నాకు స్వార్థం కూడా ఉందనుకోండి. డెబ్భై తొమ్మిదిలో వచ్చినప్పట్నుంచి నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి పప్పులో ఉప్పు కొలుస్తూ కూర్చున్నాను. ఇప్పుడు, ఇన్నాళ్లకి, ల్యాబ్‌లో టెక్నీషియన్ జాబ్ వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలి. ఐదింటిదాకా డ్యూటీ. క్లబ్ ఉంటేనే నేను వెళ్లగలను. లేకపోతే మా లలిత మెడలో తాళం చెవి వేలాడెయ్యాలి, లేదా నేను ఉద్యోగం వద్దనుకోవాలి.

ఆ క్లబ్బేమో ట్రయల్ మీద ఉంది. ఈ ఒక్క ఏడాదికే పర్మిషన్. స్కూల్ బోర్డు నుంచి ఒకావిడ వచ్చి చూసి, వచ్చే ఏడాది ఉంచాలో తీసెయ్యాలో చెప్తుంది. ప్రిన్సిపాల్ మిస్టర్ డాల్టన్ చెడ్డవాడేం కాదు. కానీ ఆయనకి కెఫెటీరియా నేల అద్దంలా మెరవాలి. బంకమట్టి రోజున పిల్లలు నేలంతా పాముల్లా మట్టి తాళ్లు అంటించేశారు. అప్పుడు ఆయన మిసెస్ గ్రీర్‌తో మెల్లగా అన్న మాట నేను విన్నాను. "ఇంకొక్కసారి ఇలా అయితే, బోర్డు ముందు నేనేం మాట్లాడలేను."

ఇదీ పరిస్థితి. ఇలాంటి టైములో నేను రంగంలోకి దిగాను.

కిందటి మంగళవారం లలిత హోంవర్క్ తొందరగా అయిపోయి విసిగిస్తుంటే, ఊదారంగు అక్షరాల ప్రాక్టీస్ షీటు ఒకటి తిప్పి, వెనకాల ఏడు చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసి చూపిస్తున్నాను. భుజం మీంచి మిసెస్ గ్రీర్ తొంగిచూసింది.

"ఏమిటిది?"

"ముగ్గు. మా వైపు ఆడవాళ్లు రోజూ పొద్దున్నే ఇంటి ముందు వేస్తారు."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. వేలితో గీత వెంట పోయింది. మెలిక తిరిగి తిరిగి మళ్లీ మొదలైన చోటికే వచ్చేసరికి, "ఓ!" అంది. నిజంగా, చిన్నపిల్లలా. "ఎక్కడా తెగలేదు! ఒక్క చుక్క కూడా బయట మిగల్లేదు! మిసెస్ రావ్, ఇది జామెట్రీ. దీన్ని ఇన్నాళ్లూ నా దగ్గర దాచిపెట్టారా?"

అయ్య బాబోయ్! అమెరికాలో నాలుగేళ్లలో నన్ను ఎవరూ అంతగా మెచ్చుకోలేదు. నేను అప్పటికప్పుడు రెండంగుళాలు ఎత్తు పెరిగాను.

"గురువారం పిల్లలకి నేర్పిస్తారా?" అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజే బోర్డు నుంచి మిసెస్ విట్లాక్ వస్తోంది. ఐదింటికి. బయట వరండాలో వేయిద్దాం, నేల గొడవ ఉండదు. నా దగ్గర చాక్‌పీసులు పెట్టెడున్నాయి."

ఇక్కడే నేను ఊరుకోవాల్సింది. పెట్టెడు చాక్‌పీసులు! తుడిస్తే పోతాయి! నేనేమన్నానో తెలుసా? "చాక్‌పీసా? అసలు ముగ్గంటే బియ్యప్పిండితో వెయ్యాలి" అన్నాను. పెద్ద సంప్రదాయం మొత్తం నా భుజాల మీదే ఉన్నట్టు! మా పెళ్లయ్యాక నేను పిండి ముగ్గు వేసింది నాలుగుసార్లు, అందులో రెండుసార్లు మా అత్తగారు చెరిపేసి మళ్లీ వేశారు.

బుధవారం రాత్రి చైనీస్ షాపులో తెచ్చిన బియ్యం బ్లెండర్‌లో పోసి గంటసేపు తిప్పాను. మోటారు వాసనొచ్చింది. మా ఆయన వంటింట్లోకొచ్చి ఆశగా, "అట్లకా?" అన్నారు. "కాదు, జామెట్రీకి" అన్నాను. ఒక కాఫీ డబ్బా నిండింది. ముప్పైమందికి ఒక్క కాఫీ డబ్బా! మన లెక్కేమిటంటే, తలా చిటికెడు, తలా ఒక ముగ్గు. చక్కగా సరిపోతుంది.

గురువారం హోంవర్క్ అవగానే పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్లాను. పొడుగాటి సిమెంటు వరండా, కెఫెటీరియా గుమ్మం నుంచి జెండా కర్ర దాకా. పక్కనే కంకర పరిచిన చోట రెండు నారింజ చెట్లున్నాయి. మిసెస్ గ్రీర్ లోపలే ఉంది, లెక్కలు పూర్తి కాని ఐదారుగురితో. నాకు పూర్తి అధికారం ఇచ్చేసి వెళ్లింది పాపం.

"బొటనవేలు, చూపుడువేలు మధ్యలోంచి సన్నగా వదలాలి, ఇలా" అని చూపించాను. పిల్లలు వదిలారు. సన్నగా కాదు. గుప్పిళ్లతో వదిలారు! ఒకళ్ల మీద ఒకళ్లు ఊదుకున్నారు. ఒకడు తల మీద పోసుకుని నేను తాతనన్నాడు. పదిహేను నిమిషాల్లో కాఫీ డబ్బా అడుగు కనబడింది. ముగ్గులు మాత్రం జెండా కర్ర వైపు పదో పన్నెండో పూర్తయ్యాయి. సగంమంది పిల్లలు ఖాళీ చేతులతో నావైపు చూస్తున్నారు. గడియారం నాలుగుంపావు. ఐదింటికి బోర్డావిడ!

అప్పుడు కూడా చాక్‌పీసులు గుర్తు రాలేదు చూడండి నాకు. మిసెస్ గ్రీర్‌ని అడగొచ్చు కదా? అడిగితే నా ప్లానింగ్ బాగాలేదని తెలిసిపోతుంది! అందుకని రూబెన్ దగ్గరికి పరిగెత్తాను. రూబెన్ ఆ స్కూలు కస్టోడియన్, తాళాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. పెద్దాయన, నిదానంగా మాట్లాడతాడు.

"రూబెన్, కిచెన్ స్టోర్ తీస్తారా? కొంచెం పిండి కావాలి. రేపు కొత్తది తెచ్చి పెట్టేస్తాను."

తీశాడు. లోపల అరల నిండా బస్తాలు. ఒకదాని మూతి సగందాకా చుట్టేసి ఉంది. చుట్టిన చోటికి కింద పెద్ద అక్షరాలతో 'కన్‌ఫెక్షనర్స్' అని మాత్రం కనిపిస్తోంది. ఇంకా ఏదో రాసుందిగానీ మడతలో పోయింది. నేను అది కంపెనీ పేరనుకున్నాను! కన్‌ఫెక్షనర్ అనే ఆయనెవరో, ఆయనా ఆయన అన్నదమ్ములూ కలిసి పెట్టిన పిండి మిల్లు అనుకున్నాను. చెయ్యి పెట్టి చూస్తే ఎంత మెత్తగా ఉందో! వేళ్ల మధ్య పట్టులా జారుతోంది. అబ్బ, అమెరికాలో పిండి కూడా ఎంత బాగా ఆడతారో అనుకున్నాను.

రూబెన్ తల గోక్కుని, "మేడమ్, అదేనా మీకు కావాల్సింది? అది సినమన్ రోల్స్ రోజున వాడతారనుకుంటాను" అన్నాడు.

ఏం చెయ్యాలి అప్పుడు? ఆగి, ఆ మడత విప్పి చూడాలి. నేను ఆయన్ని దయగా చూసి, "రూబెన్, నేను కెమిస్ట్రీలో మాస్టర్స్ చేశాను" అన్నాను.

ఆయన రెండు డబ్బాలు నింపి ఇచ్చాడు.

అర్థమైంది కదా? కన్‌ఫెక్షనర్స్ షుగర్ అంటే ఐసింగ్ షుగర్. మెత్తటి చక్కెర పొడి. సినమన్ రోల్స్ అనే బన్నుల మీద తెల్లగా పోస్తారే, అది!

కానీ ఎంత అందంగా వచ్చిందనుకున్నారు! గీతలు దారంలా పడ్డాయి. పిల్లలకి అప్పటికి చెయ్యి తిరిగింది. కెఫెటీరియా గుమ్మం దాకా ముగ్గులే ముగ్గులు. ట్రేసీ అయితే తొమ్మిది చుక్కలతో వేసింది, ఒక్క మెలిక తప్పలేదు. వేస్తూ వేస్తూ వేలు నాకింది. "ఛీ, తినకూడదు!" అన్నాను. "బాగుంది, మిసెస్ రావ్" అంది. పక్కవాడు నాకాడు. ఇంకొకడు. ఒకడైతే మోకాళ్ల మీద వంగి ఏకంగా నేలే నాకబోయాడు! నేనేమనుకున్నానంటే, పాపం ఆకలేస్తోంది, రేపట్నుంచి బిస్కట్లు ఎక్కువ తేవాలి.

పైగా ఆ చివర లెక్చరొకటి. అందర్నీ కూర్చోబెట్టి, "మేం బియ్యప్పిండితో ఎందుకు వేస్తామో తెలుసా? చీమలూ పిచ్చుకలూ వచ్చి తింటాయి. మనం తినేముందు చిన్న ప్రాణులకి పెడతామన్నమాట" అన్నాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు.

లలిత తన వచ్చీరాని తెలుగులో అడిగింది, "అమ్మా, ఇక్కడ కూడా చీమలు వస్తుందా?"

"ముగ్గు నచ్చితే తప్పకుండా వస్తాయి" అన్నాను.

నచ్చింది.

మొదట ఒక్కటి వచ్చింది. ఎర్రది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "వచ్చింది! మిసెస్ రావ్, నిజంగా వచ్చింది!" నేను గర్వంగా తలూపాను. తర్వాత పది. తర్వాత నారింజ చెట్టు మొదట్నుంచి సన్నగా ఎర్ర దారంలా ఒక వరస. కాసేపటికి అది దారం కాదు, తాడు! ఇంకో చెట్టు కింద నుంచి ఇంకో తాడు. అరిజోనా చీమలు మన చీమల్లా కాదమ్మా, కుడితే నిప్పు పెట్టినట్టుంటుంది. ముగ్గు గీతల వెంట, ఒక్క మెలిక కూడా వదలకుండా, అచ్చు నేను నేర్పినట్టే తిరుగుతూ వస్తున్నాయి. ట్రేసీ ముగ్గు తెల్లగా ఉన్నదల్లా ఎర్రగా అయింది. అక్కడితో ఆగాయా? గుమ్మం కింద సందులోంచి కెఫెటీరియాలోకి! బిస్కట్ల డబ్బాల వైపు! అద్దంలా మెరిసే ఆ నేల మీద!

"పిల్లలూ, వెనక్కి రండి, వెనక్కి" అని అరుస్తున్నాను, వాళ్లు కేరింతలు కొడుతున్నారు. సరిగ్గా అప్పుడే వరండా మలుపులో మిస్టర్ డాల్టన్. పక్కన లేత పసుపు సూటు, చేతిలో ఫైలు, ముందు వేళ్లు కనిపించే చెప్పులు. మిసెస్ విట్లాక్. ఐదింటికి రావాల్సిన మనిషి పది నిమిషాలు ముందే వచ్చింది!

"ఇది మా ఎన్‌రిచ్‌మెంట్..." అంటూ ప్రిన్సిపాల్ గారు చెయ్యి చాపి, సరాసరి తాడు మధ్యలో నిలబడ్డారు. "...ప్రోగ్రామ్, ఇక్కడ పిల్లలు..." అక్కడ ఆగారు. మొహం ఒకలా పెట్టారు. కుడికాలు దులిపారు. ఎడమకాలు దులిపారు. తర్వాత ఆరడుగుల మనిషి, టై కట్టుకున్న మనిషి, మోకాలు పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ జెండా కర్ర దాకా వెళ్లిపోయారు!

అయిపోయింది అనుకున్నాను. క్లబ్ పోయింది. నా ఉద్యోగం పోయింది. ఇంతమంది పిల్లల మెళ్లో తాళం చెవులు. ట్రేసీ వాళ్లమ్మ మొహం కళ్ల ముందు కనిపించింది. నా మూలంగా!

అప్పుడు వచ్చింది లోపల్నుంచి మిసెస్ గ్రీర్. గుమ్మంలో నిలబడింది. కింద చూసింది. గెంతుతున్న ప్రిన్సిపాల్ని చూసింది. నన్ను చూసింది. కోపం లేదు, కంగారు లేదు! రెండు చప్పట్లు కొట్టి, ఇంట్లో పాలు పొంగితే మనం స్టవ్ కట్టేసినంత మామూలుగా అంది.

"అందరూ బెంచీలెక్కండి. కాళ్లు పైకి. రూబెన్, బెంచీలు బయటికి లాగుతావా? ట్రేసీ, పేపర్లు, పెన్సిళ్లు పంచు. మిసెస్ విట్లాక్, మీ చెప్పులు ప్రమాదంలో ఉన్నాయి. ఇలా ఎక్కండి, చోటుంది."

బోర్డావిడ ఎక్కేసింది! ఆ గొంతు వింటే ఎవరైనా ఎక్కుతారు. నేనూ ఎక్కాను. చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఒక పక్క బోర్డావిడ, ఒక పక్క తెల్లమూతి పిల్లవాడు.

"సరే" అంది మిసెస్ గ్రీర్, తన బెంచీ మీద నిలబడి. "ఇందులో మీకు ముందే తెలిసిందేమిటి?"

"చీమలొచ్చాయి!"

"ఎక్కడికి?"

పిల్లలు మెడలు చాచి చూశారు. నేనూ చూశాను. అప్పుడుగానీ గమనించలేదు. జెండా కర్ర వైపు ముగ్గులు తెల్లగా అలాగే ఉన్నాయి. ఒకటీ అరా తప్ప చీమ లేదు. గుమ్మం వైపువే ఎర్రగా కదులుతున్నాయి.

"ఆ సగానికి రాలేదు. ఈ సగానికే వచ్చాయి" అంది లలిత.

"ఎందుకని?"

"అటువైపు ఎండ ఉంది" అన్నాడొకడు. "లేదు, ఎండ ఇటూ ఉంది" అంది ఇంకో పిల్ల. "ఇటు చెట్లు దగ్గర" అన్నారు. "అటు చివర ముగ్గు కూడా రెండో చెట్టుకి దగ్గరే కదా, దానికెందుకు రాలేదు?" అన్నారు. గీస్తున్నారు, చీమల్ని లెక్కపెడుతున్నారు, వాదించుకుంటున్నారు. మిసెస్ గ్రీర్ ఒక్క ఆన్సరూ చెప్పదు! "ఇంకేం తేడా ఉంది?" అని మాత్రం అడుగుతుంది.

ట్రేసీ పెన్సిల్ కొరుకుతోంది. కొరికి కొరికి, చటుక్కున తలెత్తింది.

"పౌడర్! మొదటి డబ్బాలోది అయిపోయాక మిసెస్ రావ్ కొత్తది తెచ్చారు. కొత్తదానికే చీమలొచ్చాయి. నేను రెండూ నాకాను. మొదటిది చప్పగా ఉంది. రెండోది షుగర్!"

ఆ మాటకి ముప్పై తలలు నావైపు తిరిగాయి. బోర్డావిడ తలతో కలిపి ముప్పై ఒకటి. జెండా కర్ర దగ్గర నుంచి ప్రిన్సిపాల్ గారిది ముప్పై రెండు.

లలిత, నా సొంత కూతురు, తెలుగులో అడిగితే కాస్త పరువైనా దక్కేది, గట్టిగా ఇంగ్లీషులోనే అడిగింది. "అమ్మా, యూ డిడ్ నాట్ రీడ్ ద లేబుల్?"

భూమిలోకి పోదామంటే కింద చీమలు.

ఏం చెయ్యను? బెంచీ మీదే నిలబడి చెప్పాను. "నాదే తప్పు. నేను పిండి అనుకున్నాను. రూబెన్ అడిగాడు, నేను వినలేదు. లేబుల్ సరిగ్గా చూడలేదు. మిసెస్ గ్రీర్‌ని అడగాల్సింది, అడగలేదు." ట్రేసీ పక్క బెంచీ మీంచి నా కొంగు లాగి, "ఇట్స్ ఓకే, మిసెస్ రావ్. ఫ్రాక్షన్స్‌లో నేను రోజూ అలాగే చేస్తాను" అంది.

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

రూబెన్ నీళ్ల పైపు తెచ్చి వరండా కడిగేశాడు. లోపల నేల నేనే తుడిచాను, మోకాళ్ల మీద, పట్టుచీరలో. ప్రిన్సిపాల్ గారు ఆఫీసులోకెళ్లి నర్సు ఇచ్చిన గులాబీ రంగు మందు రాసుకుని వచ్చారు. మిసెస్ విట్లాక్ మాత్రం బెంచీ దిగలేదు. పిల్లలు గీసిన పేపర్లు ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది. చివరికి ఆవిడ అడిగిన ప్రశ్న వినండి.

"ఒకే ముగ్గు, రెండు రకాల పొడి, పక్కపక్కనే పెట్టి తేడా చూడ్డం. థర్డ్ గ్రేడ్ పిల్లలతో ఇంత పకడ్బందీగా ఎక్స్‌పెరిమెంట్ చేయించడం నేనెక్కడా చూడలేదు. దీనికి ఎన్నాళ్లు ప్లాన్ చేశారు?"

మిసెస్ గ్రీర్ అబద్ధం చెప్పే మనిషి కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అంది. "ప్లాన్ నాది కాదు. మెటీరియల్ అంతా మిసెస్ రావ్ తెచ్చారు. ఆలోచించింది పిల్లలు. నేను బెంచీలు వేయించానంతే."

ఒక్క మాట అబద్ధం ఉందా అందులో? లేదు! నన్ను ఎక్కడైనా తక్కువ చేసిందా? అదీ లేదు. ప్రిన్సిపాల్ గారు ఏదో అనబోయి, కాలు గోక్కోవడంలో పడ్డారు.

అందరూ వెళ్లాక ఆవిడ దగ్గరికెళ్లి, "ఇక నేను రానులెండి. మీ క్లబ్‌కి నావల్ల..." అన్నాను. పూర్తి చెయ్యనివ్వలేదు. "టీచర్‌గా నా మొదటి ఏడాది, క్లాసులో పెరిగే గొంగళి పురుగులకి చలేస్తుందని పెట్టె తీసుకెళ్లి హీటర్ పక్కన పెట్టాను. సోమవారం పొద్దున్నకి..." అని ఆగి, తల అడ్డంగా ఊపింది. "పిల్లలకి ఏం చెప్పాలో తెలియక, ఆ మాటే ఎత్తకుండా ఆ రోజంతా కుట్టు సూదుల గురించి మాట్లాడాను. మీరు మొదటి నిమిషంలోనే నిజం చెప్పారు. మంగళవారం మూడింటికి రండి. ఆలస్యం చెయ్యకండి."

ముప్పై ఏళ్ల అనుభవం అంటే ఇదా అనిపించింది. నేనైతే ఆవిడ స్థానంలో ఉంటే, ముందు ఆ షుగర్ తెచ్చిందెవరని కేకలేసేదాన్ని. ఆవిడ ముప్పైమంది పిల్లల కాళ్లు పైకి తీయించింది, చేతికి పెన్సిళ్లిచ్చింది, నన్నూ నిలబెట్టింది. అదీ ఒక్క కేక లేకుండా.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. క్లబ్ వచ్చే ఏడాది కూడా ఉంటుంది! స్నాక్స్ ఖర్చు కూడా బోర్డే చూసుకుంటుందట. ట్రేసీ వాళ్లమ్మ పార్కింగ్ లాట్‌లో నన్ను కౌగలించుకుంది. ఒకటో తారీఖున నేను ఉద్యోగంలో చేరుతున్నాను. స్వీట్ మీ ముందున్న ప్లేటులో ఉంది, తీసుకోండి. భయపడకండి, అందులో వేసింది షుగరే, ఈసారి లేబుల్ చూసే వేశాను.

ఆగండి, ఇంకా అయిపోలేదు. తీసుకున్న చక్కెరకి బదులు కొత్త ప్యాకెట్లు కొనుక్కుని, శుక్రవారమే రూబెన్‌కి ఇద్దామని వెళ్లాను. స్టోర్ తలుపు తీశాడు. లోపల చూస్తే, ప్రతి బస్తా మీదా తెల్ల అట్టముక్క. దాని మీద లావు మార్కర్‌తో ఇంతింత అక్షరాలు. ఫ్లౌర్. సాల్ట్. షుగర్. అక్షరాల పక్కన బొమ్మలు కూడా! పిండికి బ్రెడ్డు బొమ్మ. ఉప్పుకి సముద్రం. చక్కెరకి ఒక పెద్ద ఎర్ర చీమ. రూబెన్ ఎంత ఓపిగ్గా గీశాడో, ఆరు కాళ్లూ ఉన్నాయి.

నేను సిగ్గుతో చూస్తూ నిలబడ్డాను. అంతలో మా లలితా, ఒక కిండర్‌గార్టెన్ పిల్లా వచ్చారు. ఆ చిన్నది బొమ్మలు చూసి ముచ్చటపడి అడిగింది. "ఇవి మాకోసమా? చదవడం రానివాళ్లకా?"

మా లలిత దాని భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ఓపిగ్గా చెప్పింది. "నో, హనీ. మా మామ్ కోసం."